పస్తులవాళ్లు పెరిగిన వారం

సోమవారం పదిన్నరకి పిపెట్టక్క మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. కళ్లజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ లోపలికి చూసింది. ఏం మారలేదు. పెరగకూడనివాళ్లు పెరిగారు.

"ఏడు," అంది.

పక్కన కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్న రీసెర్చి అమ్మాయి అడిగింది. "విందువాళ్లలోనా అక్కా?"

"పస్తులవాళ్లలో."

పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది.

ఆ గదిలో జరిగే పని చిన్నదే. ఎలుక క్లోమంలో, అంటే ప్యాంక్రియాస్‌లో, ఇన్సులిన్ తయారుచేసే కణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపు ఆవగింజలో పదోవంతు. వాటిని బయటికి తీసి, డిష్‌లలో పోషక ద్రవం పోసి, వెచ్చటి పెట్టెలో పెంచుతారు. పెంచుతారు అనడం కూడా ఎక్కువే. ఈ కణాలంత బద్ధకస్తులు ఒంట్లో ఇంకెవరూ లేరు. ఉన్నన్నాళ్లు ఉంటాయి, పోతే పోతాయి, రెండుగా చీలి కొత్తవి పుట్టించమంటే మాత్రం మొహం తిప్పేసుకుంటాయి. షుగర్ జబ్బు చేసినవాళ్ల తంటాల్లో సగం అక్కడే ఉంది. ఈ బద్ధకస్తులను ఏ హార్మోను తట్టి లేపుతుందో కనిపెట్టడమే ఆ ల్యాబ్ పని.

సగం డిష్‌లలో ప్రొలాక్టిన్ అనే హార్మోను చుక్క పడుతుంది. తల్లి ఒంట్లో పాలు పుట్టించేది అదే. మిగతా సగంలో పడదు. చుక్క పడినవాళ్లకి విందువాళ్లని, పడనివాళ్లకి పస్తులవాళ్లని పేర్లు పెట్టింది, పిపెట్టనే సన్నగొట్టంతో ఆ చుక్క వేసే టెక్నీషియన్ పిపెట్టక్కే. నిజానికి తిండి ఇద్దరికీ ఒకటే, ఆ ఒక్క చుక్కే తేడా. మూడు రోజులయ్యాక రంగు వేస్తే చీలుతున్న కణాలు పచ్చగా మెరుస్తాయి. లెక్కపెట్టడమే మిగులుతుంది.

నెల కిందట చేసిన మొదటి రెండు విడతల్లోనూ లెక్క చక్కగా కుదిరింది. రెండు వందల కణాలకు విందువాళ్లలో ఆరు మెరిశాయి, పస్తులవాళ్లలో ఒకటి. ఈ మూడో విడతలో విందువాళ్లలో ఎనిమిది, పస్తులవాళ్లలో ఏడు.

"అంటే హార్మోను ఏమీ చెయ్యట్లేదని," రీసెర్చి అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "మూడేళ్ల నా థీసిస్ గోడకేసిన సున్నమా అక్కా?"

"ముందు ఏడుపు ఆపు. డిష్‌లో పడితే అదొకటి లెక్కలోకొస్తుంది."

తలుపు కిర్రుమంది. అడుగుబొట్టు సారు వచ్చాడు.

ఆయన ఆ ల్యాబ్‌కి పెద్ద. ఎదురుగా అందరూ సార్ అంటారు, వెనక అడుగుబొట్టు సారంటారు. సీసా అడుగున ఒక్క బొట్టు మిగిలినా పారెయ్యనివ్వడు. అంగుళం పెన్సిలుకి కాగితం చుట్టి పొడుగు చేసుకుని రాస్తాడు. ఖాళీ అయిన ప్రతి సీసాకీ ఆయన చేతుల్లో పునర్జన్మ ఉంది. ఒకటి గుండుసూదుల డబ్బా అవుతుంది, ఒకటి మొక్కకి నీళ్లు పోసేది అవుతుంది. మనిషి చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్ల కిందట పిపెట్టక్క చెయ్యి వణుకుతుంటే, మణికట్టు కింద పుస్తకం పెట్టి చుక్క వదలడం నేర్పింది ఆయనే.

కాగితం చూశాడు. కనుబొమలు నెత్తిమీదకెక్కాయి.

"ఎవరి చెయ్యి తప్పింది?"

"ఎవరిదీ తప్పలేదు సార్," అంది పిపెట్టక్క.

"కణాలకి చేతుల్లేవు కదమ్మా, వాటంతటవే సీసా ఎత్తి పోసుకోవడానికి. పస్తుల డిష్‌లో హార్మోను పడింది. వేసేది నువ్వు."

"నేను వెయ్యలేదు."

"మరి ఏడు ఎలా వచ్చాయి? చుట్టపుచూపుగా వచ్చాయా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండోవైపు ఖాళీ ఉంది మరి.

"శుక్రవారం పదింటికి థీసిస్ చూడటానికి బయటినుంచి పరీక్షకురాలు వస్తోంది. ఆవిడకి కారణం చెప్పాలి. ఈలోపు ఇంకో కారణం దొరికితే సరే. లేదంటే నీ చెయ్యే కారణం. వచ్చే సోమవారం నుంచి కడిగే గదిలో పని చేద్దువుగాని."

కడిగే గది నడవా చివర ఉంది. అక్కడ రోజంతా ఆవిరి, సబ్బు నురుగు, గాజు చప్పుడు. పని చిన్నదని కాదు. ఇంట్లో పిపెట్టక్క పాలు పొంగించింది, కూరలో రెండుసార్లు ఉప్పేసింది, ఒకసారి ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని బస్సెక్కింది కూడా. కానీ ఈ గదిలో ఇరవై రెండేళ్లలో ఒక్క చుక్క పక్క డిష్‌లో పడలేదు. చెయ్యి తప్పిందన్న మాట మీద కడిగే గదికి వెళితే, ఆ ఇరవై రెండేళ్లు కూడా నురుగుతో పాటు కాలవలోకే.

సారు వెళ్లగానే ఆమె చేతులకు కొత్త తొడుగులు వేసుకుంది.

"ఏం చేద్దాం అక్కా?"

"దొంగని పట్టుకుందాం. మొదటి అనుమానం నీ మీదే."

"నా మీదా! నా థీసిస్ గొంతు నేనే పిసుక్కుంటానా?"

"అందుకే వదిలేస్తున్నా. రెండో అనుమానం నా మీద. ఆ హార్మోను సీసా తియ్యి."

సీసా తెరిచింది రెండు వారాల కిందట. ప్రతి చుక్కా పుస్తకంలో ఎక్కింది. పిపెట్టక్క మిగిలినదాన్ని గొట్టంలోకి లాగి కొలిచింది. పుస్తకం ఎంత ఉండాలందో సరిగ్గా అంతే ఉంది. పస్తుల డిష్‌లలో కూడా వేసి ఉంటే సీసా ఈపాటికి సగానికి దిగాలి.

"సీసా సాక్ష్యం చెప్పింది. నా చెయ్యి తప్పలేదు," అంది పిపెట్టక్క. తర్వాత వెచ్చటి పెట్టె వేడి చూసింది, డిష్‌ల అడుగున గుర్తులు చూసింది, పోషక ద్రవం రంగు చూసింది. అన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి. అదే ఆమెకి నచ్చలేదు. ఇంత బుద్ధిగా ఉన్న గదిలో ఏడు కణాలు ఎలా చెడిపోయాయి?

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కోడలు సోఫాలో వెనక్కి వాలి, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని ఉంది. ఏడో నెల. పొద్దున క్లినిక్‌లో షుగర్ పరీక్ష చేశారు.

"ఏమన్నారమ్మా?"

"నలుగురికి సరిపోయే చక్కెరనీళ్లు నా ఒక్కదాని చేత తాగించారు అత్తయ్యా. మూడుసార్లు సూది పొడిచారు. రిపోర్టు బ్రహ్మాండంగా ఉందట. డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా."

"నిన్నా?"

"నా ప్యాంక్రియాస్‌ని. నన్ను మెచ్చుకునే అదృష్టం నాకెక్కడిది? మీ అబ్బాయికి నోరు రాదు, మీకు తీరిక లేదు."

"మెచ్చుకుంటే నెత్తినెక్కుతావని ఆగాను. ఇంతకీ అదేం చేసిందట?"

కోడలు పొట్ట మీద చెయ్యి ఆనించి, తెలిసినదాన్ని ఇంకాస్త పెద్దది చేసి చెప్పే ఉత్సాహంతో మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ లోపలున్న దొరగారో దొరసానో, మావిలోంచి హార్మోన్లు పంపిస్తారట. వాటి దెబ్బకి ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుందట. ఇక ప్యాంక్రియాస్ మామూలుకంటే ఎక్కువ ఇన్సులిన్ తయారుచెయ్యాలి. ఇంటికి చుట్టాలొస్తే రెండో పొయ్యి వెలిగిస్తాం చూడండి, అలా అన్నమాట. చెయ్యలేకపోతే షుగర్ వస్తుందట. నాది పాపం వెలిగించింది."

టీ గ్లాసు పిపెట్టక్క పెదాల దగ్గరే ఆగిపోయింది.

రెండో పొయ్యి.

ఈ సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. చూడి ఎలుకల్లో ఇన్సులిన్ కణాలు పెరుగుతాయని ల్యాబ్ గోడమీద బొమ్మే ఉంది. ప్రొలాక్టిన్ వేసి చూద్దామన్న ఆలోచన పుట్టిందే అక్కడ. రోజూ చూసే బొమ్మ కాబట్టే ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు బుర్రలో లెక్క గిర్రున తిరిగింది. కొన్న హార్మోను ఒక్కటే వేస్తే ఆరు మెరిశాయి. ఏమీ వెయ్యనిచోట ఏడు మెరిశాయి. అంటే లోపలికి వచ్చింది ఒక్కరు కాదు. మొత్తం బలగం దిగింది.

"కోడలా," అంది గ్లాసు దించి, "మా పస్తులవాళ్లు కడుపుతో ఉన్నారే!"

కోడలు కళ్లు పెద్దవి చేసింది. "ఎంతమంది అత్తయ్యా? నా ఒక్కదానితోనే ఇంట్లో మంచం చాలట్లేదు!"

మంగళవారం పొద్దున్నే పిపెట్టక్క ఎలుకల గది రిజిస్టరు తిరగేసింది. కణాలిచ్చినవి చూడి ఎలుకలైతే కథ అక్కడితో తేలిపోయేది. తేలలేదు. పన్నెండూ మగ ఎలుకలు.

"మగవాళ్లకి కడుపెలా వస్తుంది అక్కా?" అంది రీసెర్చి అమ్మాయి.

"కణాలకి రాలేదు. కణాల తిండికి వచ్చింది." పిపెట్టక్క వేళ్లు మడిచింది. "విందువాళ్లకి, పస్తులవాళ్లకి ఉమ్మడిగా పడేదేమిటి? ఉప్పునీళ్లు, చక్కెర, విటమిన్లు. అవి మూసి ఉన్న సీసాల్లోంచి వచ్చాయి. ఇంకా?"

"సీరం."

ఇద్దరూ ఫ్రిజ్ వైపు చూశారు.

సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు. పోషక ద్రవంలో కొంచెం కలపకపోతే కణాలు నాలుగు రోజులు బతకవు. మామూలుగా కొత్త సీసా తెరిచి వాడాలి. కానీ అడుగుబొట్టు సారు రాజ్యంలో కొత్త సీసా తెరవాలంటే ముందు ఉమ్మడి సీసా ఖాళీ కావాలి. ప్రతి సీరం సీసా అడుగునా మిగిలిన బొట్లన్నీ ఆయనే స్వయంగా ఈ ఉమ్మడి సీసాలోకి వంపుతాడు. మెడకి ఒక చీటీ కట్టి, ఏ రోజు ఎంత పోశాడో రాస్తాడు. అందులో మాత్రం మహా నిజాయితీపరుడు.

పిపెట్టక్క చీటీ చదివింది. అన్నీ పిసరంత పిసరంత లెక్కలే. చివరి వరుస ఒక్కటే వేరుగా ఉంది. ఇరవై రోజుల కిందటి తేదీ, పక్కన సారు చేతిరాత. "పక్క గది నుంచి. నిండు సీసా." ఆ "నిండు" కింద సంతోషం పట్టలేక గీత కూడా గీశాడు.

పక్క గదిలో మొన్నటిదాకా మావి మీద పనిచేసే ల్యాబ్ ఉండేది. ఇరవై రోజుల కిందటే ఖాళీ చేసి వేరే చోటికి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మకి రీసెర్చి అమ్మాయి ఫోన్ చేసి, ఇద్దరూ వినేలా పెట్టింది.

"ఆ సీసానా?" డాక్టరమ్మ నవ్వింది. "పారేసే పెట్టెలో పెట్టాను. మీ సారు అటుగా వెళుతూ చూసి, ఇది పారేస్తారా అని గుండె పట్టుకున్నారు. భయమేసి ఇచ్చేశాను."

"అది దేని సీరం మేడం?"

"ఎలుకలది."

"ఏ ఎలుకలు?"

"నా దగ్గర ఇంకే ఎలుకలుంటాయమ్మా? చూడి ఎలుకలు. ఈనడానికి మూడు నాలుగు రోజుల ముందు తీసిన రక్తం. లేబుల్ మీద రాశానే! పై వరుసలో ఎలుక సీరం అని, కింద వరుసలో ఈ సంగతి. ఏమో, గడ్డకట్టి ఉంది కదా, కింద వరుస మీద మంచు పేరుకుని ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక రీసెర్చి అమ్మాయి గంతేసింది. "దొరికాడు! ఇప్పుడే సారుకి చెప్పేద్దాం."

"ఏమని? మీరే దొంగ అనా? ఫోన్లో విన్నమాటకి ఆయన ఒప్పుకుంటాడా? ఇంకో లెక్క చూపించాలి. ఆ సీసా కూడా దొరకాలి."

"అది ఏ చెత్తకుప్పలోనో ఉంటుంది అక్కా."

"ఈ ల్యాబ్‌లో సీసా చెత్తకుప్ప మొహం చూసిందా ఎప్పుడైనా?"

ఆ మధ్యాహ్నమే కొత్త డిష్‌లు పెట్టారు. దేంట్లోనూ హార్మోను లేదు. సగానికి మూత విప్పని కొత్త సీరం, సగానికి ఉమ్మడి సీసా సీరం. ఏది ఏదో పిపెట్టక్కకి తెలియకుండా రీసెర్చి అమ్మాయి రెండు గొట్టాల్లో పోసి, ఒకదానికి ఎర్రచుక్క, ఇంకోదానికి నీలిచుక్క పెట్టి, ఏ రంగు దేనిదో కాగితం మీద రాసి కవరులో అంటించేసింది. లెక్కపెట్టే కంటికి ముందే తెలిస్తే, కన్ను తనకి కావలసిందే చూస్తుంది.

బుధ, గురువారాలు సీసా వేట. మొక్క దగ్గర సీసా కాదు. గుండుసూదులది కాదు. సింకు కింద పదకొండు దొరికాయి. ఏదీ కాదు. కడిగే గదిలో సబ్బునీళ్లు పట్టినది కూడా ఎత్తి చూశారు. "వచ్చే వారం నుంచి ఎలాగూ ఇక్కడే కదా, ఇప్పుడే ఎందుకంత తొందర?" అంది అక్కడ పనిచేసే ఆవిడ. వార్త అప్పుడే నడవా దాటేసింది. పిపెట్టక్క నవ్వింది కానీ, తర్వాతి సీసాని రెండుసార్లు తిప్పి చూసింది.

శుక్రవారం తొమ్మిదికి లెక్క మొదలైంది. ఎర్రచుక్క డిష్‌లలో ఒకటి, ఒకటి, రెండు. నీలిచుక్క డిష్‌లలో ఏడు, ఎనిమిది, ఏడు. కవరు చింపారు. నీలిచుక్క ఉమ్మడి సీసా.

పిపెట్టక్క కాగితం పట్టుకుని సారు గదికి పరుగెత్తింది. ఆయనకి ముందే చెప్పాలని ఆమె పట్టుదల. మణికట్టు కింద పుస్తకం పెట్టిన మనిషిని పరాయివాళ్ల ముందు నిలబెట్టడం ఆమెకి ఇష్టం లేదు. కానీ పరీక్షకురాలు పావుగంట ముందే వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లజుట్టు, చురుకైన కళ్లు, ఒళ్లో లావుపాటి ఫైలు.

"రామ్మా, నీ గురించే చెబుతున్నా," అన్నాడు సారు. గొంతులో ఇబ్బంది ఉంది, అయినా మాట ఆపలేదు. "మేడం, మూడో విడతలో పొరపాటు జరిగింది. మా టెక్నీషియన్ చాలా అనుభవం ఉన్న మనిషే. కానీ చెయ్యి..."

"సార్, ఒక్క నిమిషం."

"ఉండమ్మా. చెయ్యి తప్పి..."

"రాసుకుంటాను, పెన్ను ఇలా ఇవ్వండి," అంది పరీక్షకురాలు. అని తనే చెయ్యి చాచి, సారు బల్ల మీద పెన్నులు పెట్టుకున్న పొట్టి సీసాలోంచి ఒకటి లాగింది. సీసా గిర్రున సగం తిరిగి ఆగింది. ఇన్నాళ్లూ గోడవైపు ఉన్న లేబుల్ ఇటు తిరిగింది.

పిపెట్టక్క మెడ చాచి చూసింది. మంచు ఎప్పుడో కరిగిపోయింది. రెండు వరుసలూ స్పష్టంగా ఉన్నాయి.

పైకి చదివితే అయిపోతుంది. నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"సార్," అంది నెమ్మదిగా, "ఆ పెన్నుల సీసా మీద ఏం రాసుందో మీరే చూడండి."

ఆయన విసుగ్గా సీసా అందుకున్నాడు. పై వరుస చదివాడు. కింద వరుస దగ్గర కళ్లు ఆగాయి. చెవుల చివరలు ఎర్రబడ్డాయి. పిపెట్టక్క పొద్దుటి లెక్క కాగితం ఆయన ముందు పెట్టింది. ఎర్రచుక్క, నీలిచుక్క, ఉమ్మడి సీసా. ఆయనకి వివరించాల్సిన పనిలేదు.

"ఏముంది దాని మీద?" అంది పరీక్షకురాలు.

సీసా పారెయ్యనివాడు నిజాన్ని కూడా పారెయ్యలేదు.

"చెయ్యి తప్పిన మాట నిజమేనండి," అన్నాడు. "ఆ చెయ్యి నాది." లేబుల్ బయటికి చదివాడు. "ఎలుక సీరం. చూడి ఎలుకలు, పద్దెనిమిదో రోజు. ఇది నేనే తెచ్చి ఉమ్మడి సీసాలో కలిపాను. మా పస్తుల డిష్‌లన్నిటికీ గర్భిణీ తిండి పెట్టాను."

పరీక్షకురాలు ఒక్క క్షణం బిగబట్టుకుంది. తర్వాత ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక కాగితం లాక్కుంది.

"కొన్న ప్రొలాక్టిన్ ఒక్కటే వేస్తే ఎన్ని?"

"ఆరు," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ రీసెర్చి అమ్మాయి.

"ఈ సీరంతో?"

"ఏడు, ఎనిమిది."

"ఎందుకంటావు?"

రీసెర్చి అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "ఆ సీరంలో ఒక్క ప్రొలాక్టిన్ పనే కాదు మేడం. దాని అక్కచెల్లెలు లాంటి మావి హార్మోను ఉంటుంది. కణాలు పెరగడానికి తోడ్పడే గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. హార్మోను బయటినుంచి వచ్చి లేవండిరా అని కేకేస్తే, గ్రోత్ ఫ్యాక్టర్లు పక్కనే నిలబడి భుజం తడతాయి. బద్ధకస్తుడు కేకకి కళ్లు తెరుస్తాడు. లేచి నిలబడాలంటే రెండూ కావాలేమో అని నా అనుమానం."

"అనుమానమే. రుజువు కాదు," అంది పరీక్షకురాలు. "పైగా ఇది ఎలుకల మాట. మనుషుల కణాలు ఎలుకల్లా తేలిగ్గా మాట వినవు. మూడో విడత కొట్టెయ్యండి. కొత్త సీరంతో మళ్లీ చెయ్యండి. ఆ తర్వాత చూడి ఎలుకల సీరంతో విడిగా, సొంత పేరు పెట్టి, సొంత డిష్‌లలో చెయ్యండి." పిపెట్టక్క వైపు తిరిగింది. "రెండిట్లోనూ చుక్క వదిలేది ఎవరు?"

పిపెట్టక్క సారు వైపు చూడలేదు. చూడాలనిపించింది, అయినా చూడలేదు.

"ఈవిడే," అన్నాడు సారు. "వేరే చెయ్యి నేను నమ్మను. నాదైతే అసలు నమ్మను."

పరీక్షకురాలు వెళ్లిపోయాక ముగ్గురూ కడిగే గదికి వెళ్లారు. ఉమ్మడి సీసా సారు చేతిలో ఉంది. అందులో ఇప్పుడు ఎవరెవరి బొట్లు ఎంతెంత ఉన్నాయో దేవుడికి కూడా లెక్క తెలియదు. పారబోయక తప్పదు. ఆయన సింకు ముందు నిలబడి, పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపేవాడిలా కళ్లు మూసుకుని వంపాడు. పసుపు నీరు గలగలమని వెళ్లిపోయింది. ధార సన్నబడింది. ఆగింది. అంచున ఒక్క బొట్టు వేలాడుతోంది.

ఆయన చెయ్యి సీసాని మెల్లగా నిలబెట్టబోయింది.

"సార్," అంది పిపెట్టక్క.

"ఒక్కటేనమ్మా..."

"సార్."

ఆయన నిట్టూర్చాడు. పిపెట్టక్క ఆయన మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించి, ఇరవై రెండేళ్ల కిందట తను నేర్చుకున్నట్టే కొద్దిగా వంచింది. బొట్టు పడింది.

"సీసా అయినా ఉంచుకోవచ్చా?" అన్నాడు.

"కడిగి," అంది.